ఊడిరాని ఉన్ని జడలు

సెలూన్ నడిపేవాడికి కత్తెరతో సమానంగా నోరూ ఆడాలంటారు. ఊళ్ళో కబుర్లన్నీ ఆ కుర్చీలో పుట్టి ఆ కుర్చీలోనే పెరిగి పెద్దవవుతాయని కదా పేరు! మన తువ్వాలు బాబాయి ఆ పేరు కాస్తా చెడగొట్టాడు. "కూర్చోండి", "ఎంత పొట్టి?", "తల వంచండి", "అయిపోయింది". ఈ నాలుగు ముక్కలతోనే జీవితమంతా వెళ్ళదీశాడు మహానుభావుడు. పోనీ పొగరా అంటే, చీమ ఎదురొస్తే పక్కకి జరిగి దారిచ్చే మనిషి. నోట్లో మాట పుట్టదంతే.

ఆ మాటలన్నింటి బదులూ ఆయన దగ్గర ఒక వేడి తువ్వాలు ఉండేది. సెలూన్ మూల చిన్న స్టవ్ మీద గిన్నెలో నీళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా సలసలా కాగుతూనే ఉండేవి. తల పని అయినా గడ్డం పని అయినా, చివర్లో తువ్వాలు ముంచి, పిండి, ఆవిరి పోకుండా మనిషి మొహానికీ మెడకీ చుట్టేవాడు. కోపంగా వచ్చినవాడు కూడా ఆ తువ్వాలు కింద "హమ్మయ్య" అనేవాడు. పక్క కొట్లో గడియారాలు బాగుచేసే మామ రోజూ పేపరు చదవడానికి ఇక్కడికే వచ్చేవాడు. "ఒరేయ్, నీ క్రాపు చూసి ఎవడొస్తాడు గానీ, జనం నీ తువ్వాలు కోసం వస్తున్నార్రా" అని ఆయన ఏడిపిస్తే, బాబాయి నవ్వి ఊరుకునేవాడు. ఆ తువ్వాలే ఒకరోజు కొంప ముంచుతుందని అప్పుడెవరికి తెలుసు!

ఆయనకి పెళ్ళి ఆలస్యంగా అయింది. లాండ్రీలో దుప్పట్లూ కోట్లూ ఉతికే ఆవిడ, భర్త పోయి బడికెళ్ళే కూతురితో ఉంటే, ఇద్దరూ ఇష్టపడి ఒక ఇంటివాళ్ళయ్యారు. పెళ్ళైన వారంలోనే ఒక పొద్దున ఆ పిల్ల అద్దం ముందు దువ్వెనతో కుస్తీ పడుతోంది. తలలు దువ్వడం తప్ప మరోటి తెలియని మనిషి కదా, చెయ్యి దానంతట అదే ముందుకెళ్ళింది. పిల్ల రెండు చేతులతో జుట్టు పట్టుకుని వెనక్కి జరిగింది.

"నా జుట్టు మా నాన్న దువ్వేవాడు. మీరు ముట్టుకోకండి."

బాబాయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తప్పు ఆ పిల్లది కాదు, ఆయనదీ కాదు. వాళ్ళమ్మ కసరబోతే, "చిన్నపిల్ల, దాన్నేమీ అనకు" అన్నాడు. అంతే, ఆనాటి నుంచి ఊరందరి తలలూ ఆయన చేతి కింద వంగాయి గానీ, ఇంట్లో ఉన్న ఆ ఒక్క తల మాత్రం వంగలేదు. పిల్ల ఆయన్ని పేరుపెట్టి పిలవలేదు, వరసపెట్టీ పిలవలేదు. "అమ్మా, భోజనానికి రమ్మను", "అమ్మా, బడికి వస్తారేమో అడుగు". అన్ని కబుర్లూ తల్లి మీదుగానే నడిచేవి.

పిల్ల పెద్దదయ్యాక ఒకసారి టైఫాయిడ్ వచ్చి జుట్టంతా కుచ్చులు కుచ్చులుగా రాలిపోయింది.  రోజూ సెలూన్‌లో జుట్టు ఊడ్చే బాబాయి, మంచం కింద ఆ జుట్టు ఊడ్వలేక కూలబడ్డాడు. వెతికి వెతికి పళ్ళు దూరంగా ఉన్న చెక్క దువ్వెన ఒకటి తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. "నువ్వే తెచ్చినట్టు చెప్పు" అన్నాడు. పోయిన జుట్టు మెల్లగా మొలిచింది, భుజం దాటింది, ఏళ్ళ మీద నడుము దాకా వచ్చింది. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు గానీ, పోయి వచ్చిన జుట్టుకి ఇంకాస్త అందం ఎక్కువ. ఆ అమ్మాయి దాన్ని కళ్ళలో పెట్టుకుని చూసుకునేది.

చదువయ్యాక అమ్మాయి బస్‌స్టాండులో టికెట్ల కౌంటర్లో చేరింది. సాయంత్రాలు మాత్రం ఒక నాటకాల బృందంలో గడిపేది. ఇన్నాళ్ళూ తలుపు తీసే వేషాలూ, కాఫీ కప్పు తెచ్చే వేషాలే. ఈసారి మొదటిసారి అసలు వేషం దొరికింది. దీవిలో ఒంటరిగా బతికే ముసలమ్మ. సముద్రపు గాలికి జుట్టు జడలు కట్టి వేలాడుతూ ఉండాలి. ఇప్పటి కుర్రకారు డ్రెడ్‌లాక్స్ అంటారే, అవి. బృందం దగ్గర అలాంటి విగ్గు ఒకటి ఉండేది. పెట్టె తెరిచి చూస్తే దాన్ని ఎలుకలు ఎప్పుడో కొరికి, అందులోనే పిల్లల్ని పెట్టి, సుఖంగా కాపురం చేస్తున్నాయి.

ఆ రోజు భోజనాల దగ్గర అమ్మాయి తల్లి వైపు చూడకుండా నేరుగా ఆయన వైపే చూసి మాట్లాడింది.

"మీతో ఒక పనుంది. నా జుట్టుకి జడలు కట్టాలి. నాటకం అయ్యాక తీసేసేలా. మీరు చేయగలరా?"

బాబాయి ముద్ద నోటి దగ్గరే ఆగింది. చేయగలనో లేదో ఆయనకే తెలియదు. ఇలాంటి జడలు ఎన్నడూ కట్టలేదు.

"చేస్తాను తల్లీ" అన్నాడు. ముద్ద కంచంలో పెట్టేసి చెయ్యి కడుక్కున్నాడు. ఆకలి ఎటు పోయిందో!

దిండ్లు కుట్టే కొట్టుకెళ్ళి గోధుమరంగు ఏకిన ఉన్ని తెచ్చాడు. అమ్మాయి ఫోన్‌లో చూసి చెప్పింది: జుట్టుని చిన్న చిన్న పాయలుగా విడదీయాలి, ఒక్కో పాయ చుట్టూ ఉన్ని చుట్టాలి, అరచేతుల మధ్య దొర్లించాలి, కొసకి రబ్బరు బ్యాండు వేయాలి. తీసేటప్పుడు బ్యాండు తీసి ఉన్ని లాగితే వచ్చేస్తుంది. వినడానికి ఎంత సులువు! బాబాయి నేరుగా ఆ తల మీద చెయ్యి వేసే ధైర్యం లేక, ఇల్లు తుడిచే మాప్‌ని కుర్చీకి కట్టి దాని పీచు మీద సాధన చేశాడు. లాండ్రీ నుంచి వచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమయ్యా, ఇల్లు తుడవడానికి సన్యాసిని పెట్టావా?"

నాటకం రోజు పొద్దున సెలూన్‌కి తాళం వేశాడు. ఒంట్లో బాగోకపోయినా మూయని మనిషి. భార్య పనికి వెళ్ళిపోయింది. అమ్మాయి వరండాలో కూర్చుని జుట్టు విప్పి వెనక్కి వదిలింది. బాబాయి చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, కాసేపు ఊరికే నిలబడ్డాడు.

"ఏమైంది?" అంది అమ్మాయి.

"ఏం లేదమ్మా" అన్నాడు. ఏం లేకపోవడమేమిటి! ఆ జుట్టు ఒత్తుగా ఉందా, పలచగా ఉందా, మెత్తగా ఉందా అని ఇన్నేళ్ళూ దూరం నుంచి చూసి ఊహించుకున్నవాడు. వేళ్ళ మధ్యకి మొదటి పాయ వచ్చేసరికి కళ్ళు చెమర్చాయి. ఎవరికో తెలియదు గానీ మనసులో దండం పెట్టుకున్నాడు.

పని బ్రహ్మాండంగా సాగింది. ఒక్కో పాయకీ ఉన్ని చుట్టడం, దొర్లించడం, బ్యాండు వేయడం. మధ్యాహ్నానికి తల నిండా జడలే. కానీ ఉన్ని పీచు పైకి లేచి కోడిపిల్ల నూగులా ఉంది. అలా ఉంటే చేతిపనివాడికి నిద్ర పడుతుందా? గడ్డానికి రాసే సబ్బు నురగ అరచేతుల్లో వేసుకుని, ఒక్కో జడనీ మళ్ళీ గట్టిగా రుద్ది నున్నగా చేశాడు. ఆ తరవాత, ఎవరూ చెప్పకుండా, ఆలోచించకుండా, చెయ్యి తన దారిన తాను వంటింట్లోకి వెళ్ళి కాగే నీళ్ళలో తువ్వాలు ముంచి తెచ్చింది. తల మొత్తానికీ చుట్టి, పైనుంచి అద్ది అద్ది నొక్కాడు. అలవాటు పడ్డ ప్రాణం మరి! పని అయిందంటే తువ్వాలు పడాల్సిందే.

"అబ్బ, ఎంత హాయిగా ఉందో!" అంది అమ్మాయి కళ్ళు మూసుకుని.

తువ్వాలు తీశాక చూస్తే జడలు బిగుసుకుని, నున్నబడి, పుట్టుకతో వచ్చినవాటిలా ఉన్నాయి. ఇద్దరూ మురిసిపోయారు.

సాయంత్రం నాటకంలో తుఫాను వచ్చినప్పుడు అమ్మాయి తల విదిలిస్తే ఆ జడలు ఎగిరిపడ్డ తీరుకి జనం ఊపిరి బిగబట్టారు. ఆఖరి వరసలో బాబాయి, లాండ్రీ ఆవిడ, గడియారాల మామ పక్కపక్కన కూర్చున్నారు. అయిపోయాక ఎవరో విగ్గు ఎక్కడ అద్దెకి తెచ్చారని అడిగితే, అమ్మాయి ఆయన వైపు వేలు చూపించి, "విగ్గు కాదు. ఆయన మా ఇంట్లోనే కట్టారు" అంది. బాబాయి నేల మీద నడిచి ఇంటికొచ్చాడో, గాల్లో వచ్చాడో ఆయనకే తెలియాలి.

మర్నాడు పొద్దున జడలు తీయడానికి కూర్చున్నారు. మొదటి బ్యాండు తీసి ఉన్ని లాగాడు.

"అమ్మో!" అని అరిచింది అమ్మాయి. ఉన్నితో పాటు తలే వచ్చింది. రెండోది లాగాడు. అదీ అంతే. మూడోది లాగడానికి చెయ్యి రాలేదు.

కేక విని లాండ్రీ ఆవిడ వచ్చింది. ఒక జడని రెండు వేళ్ళ మధ్య నలిపింది. మొహం రంగు మారింది.

"దీనికి నీళ్ళు తగిలాయా?"

"తువ్వాలు పెట్టాను."

"వేడిదా?"

"వేడిదే."

"సబ్బు?"

"గడ్డం సబ్బు."

"రుద్దావా?"

బాబాయి తల ఊపాడు. ఆవిడ నెత్తి కొట్టుకుంది.

"ఉన్నికి వేడినీళ్ళా! పైగా సబ్బు, పైగా రుద్దుడా! మా లాండ్రీలో చేరినవాళ్ళకి మొదటి రోజే చెప్పే పాఠం కదయ్యా ఇది. ముద్దకట్టి కంబళై కూర్చుంటుంది, మళ్ళీ విడిపోదు. నన్నొక్క మాట అడగకూడదూ? నోట్లో ముత్యాలేమైనా రాలిపోతాయా?" ఆవిడకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఇంకేముంది, కత్తిరించెయ్. భుజాల పైకి కత్తిరించెయ్."

"కత్తెర వద్దు" అన్నాడు బాబాయి. ఆ ఇంట్లో ఆయన గొంతు అంత గట్టిగా పలకడం అదే మొదలు. బతుకంతా కత్తెర పట్టినవాడు కత్తెర వద్దంటున్నాడు మరి!

 అమ్మాయి లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

బాబాయి సెలూన్‌కి వెళ్ళి కూర్చున్నాడు. కాగే గిన్నె కింద స్టవ్ ఆర్పేశాడు. గడియారాల మామ పేపరు మడిచి సంగతంతా విన్నాడు. "పోనిద్దూరా, కొండకి వెంట్రుక కట్టి లాగాం. వస్తే కొండ వస్తుంది, పోతే వెంట్రుకే కదా" అన్నాడు.

"మా ఇంట్లో ఆ వెంట్రుకే కొండ మామా" అన్నాడు బాబాయి. 

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అంటారు గానీ, పట్టుకోకుండా ఊరుకునేది మాత్రం ఎవరు? ఇంటి మూల మాప్ మీద సాధన జడలు అలాగే ఉన్నాయి. వాటిని కూడా సబ్బుతో రుద్ది, వేడి తువ్వాలు చుట్టి, అదే తప్పు మళ్ళీ కావాలని చేశాడు. అవీ ముద్దకట్టాయి. ఇక వాటిని విప్పడానికి కూర్చున్నాడు. నీళ్ళు పోశాడు, లాభం లేదు. పొడిగా లాగాడు, తెగింది. తలకి రాసే కండిషనరూ కొబ్బరినూనే కలిపి దట్టంగా పట్టించి, నానబెట్టి, మొద్దు మొన ఉన్న అల్లిక సూదితో కొస నుంచి గీరుకుంటూ పోతే, ఉన్ని పోగు పోగుగా బయటికొచ్చింది. పీచు మిగిలింది. బాబాయి మాప్‌ని గుండెకి హత్తుకున్నంత పని చేశాడు.

సాయంత్రం అమ్మాయి గది తలుపు ముందు నిలబడ్డాడు.

"తల్లీ, తప్పు నాదే. నా చేతి అలవాటు నీ తలమీదకి తెచ్చింది. విప్పే దారి ఒకటి దొరికింది. చాలా రోజులు పడుతుంది, నొప్పి పెట్టకుండా చేస్తాను. కాదు, వేరేవాళ్ళ దగ్గరికి వెళ్తానంటే నేనే తీసుకెళ్తాను. నీ ఇష్టం." పాపం, పెళ్ళిచూపుల్లో కూడా అన్ని మాటలు మాట్లాడి ఉండడు.

 తిరిగి వెళ్ళబోతుంటే తలుపు తెరుచుకుంది. ఏడ్చిన మొహంతోనే వచ్చి వరండాలో కూర్చుంది.

"మొదలుపెట్టండి" అంది.

ఆ రోజు నుంచి అదే పని. పగలు అమ్మాయి తలకి స్కార్ఫ్ కట్టుకుని టికెట్లు కొట్టేది. సాయంత్రం బాబాయి సెలూన్ త్వరగా మూసి వచ్చేవాడు. కింద పాత పేపరు, పక్కన నూనె గిన్నె, చేతిలో సూది. ఓ జడ సగం విప్పేసరికి దీపాలు పెట్టే వేళయ్యేది. మొదట్లో ఇద్దరి మధ్యా సూది గీరే చప్పుడే. మరి ఎంతసేపని అలా కూర్చుంటారు? ఒకరోజు అమ్మాయే అడిగింది.

"మీరు ఎందుకు మాట్లాడరు?"

బాబాయి సూదికి నూనె అద్దాడు. "పని నేర్పిన ముసలాయన మొదటి రోజే చెవి మెలేశాడమ్మా. గొంతు మీద కత్తి పెట్టి మనిషిని నవ్వించావా, తరవాత జైల్లో కూర్చుని నువ్వు ఏడుస్తావు అన్నాడు. ఇక నోరు విప్పితే ఒట్టు."

అమ్మాయి ఫక్కున నవ్వింది. తల కదిలి జడ లాగేసింది. "అబ్బా!" అని మళ్ళీ నవ్వింది. "ఇప్పుడు మీ చేతిలో కత్తి లేదుగా. చెప్పండి."

ఇక చూడండి, గట్టు తెగిన కాలువే. గడ్డం గీయడం నేర్చుకోవడానికి గాలిబుడగ ఊది, దానికి నురగ పూసి, పగలకుండా గీయమంటే, బుడగ ఢామ్మని పేలి ముసలాయన మీసాల నిండా నురగ పడ్డ కథ. కుర్చీలోనే నిద్రపోయి, లేచి "ఇంకెప్పుడు మొదలుపెడతావు?" అని తగువేసుకున్న పెద్దమనిషి కథ. వంటింట్లో నుంచి లాండ్రీ ఆవిడ గరిటె పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడేది. "ఇన్నేళ్ళు కాపురం చేశాను, నాకొక్కటీ చెప్పలేదే ఈ మనిషి!" అని ఉడుక్కునేది. ఉడుక్కుంటూనే కూర అడుగంటించేది.

అలా ఒక సాయంత్రం చెవి వెనక జడ విప్పుతుంటే అమ్మాయి చిన్న గొంతుతో అంది.

"ఒక నిజం చెప్పనా? నాన్న నా తల దువ్వడం నాకు గుర్తు లేదు. అమ్మ చెప్తే విన్నదే. ఆ రోజు ముట్టుకోవద్దు అనేశాను. మీరు నిజంగానే ముట్టుకోవడం మానేశారు. తరవాత ఎన్నిసార్లు అనుకున్నానో, ముట్టుకోండి అని చెప్దామని. ఎలా చెప్పాలో తెలియలేదు. ఆ చెక్క దువ్వెన మీరు తెచ్చారని కూడా నాకు తెలుసు. అమ్మకి అబద్ధం చెప్పడం రాదు."

బాబాయి సూది ఆగిపోయింది.  ఆ పిల్ల తనని దూరం పెట్టిందనే ఇన్నేళ్ళూ అనుకున్నాడు. ఇద్దరూ ఒకే గుమ్మానికి చెరో వైపునా నిలబడి, అవతలివాళ్ళు తెరుస్తారని ఎదురుచూశారన్నమాట.

"మంచిపని చేశావమ్మా, ఇప్పుడు చెప్పి" అన్నాడు. ఇంకా చాలా అనాలని ఉంది. నూనె చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు, అవి మండిపోయాయి. అమ్మాయి పరిగెత్తి నీళ్ళు తెచ్చింది.

చివరి జడ కూడా విడిపోయింది. ఉన్నితో పాటు కొంత జుట్టూ పోయిన మాట నిజమే. మెడ దగ్గర రెండు పాయలు ఎంతకీ లొంగక, అమ్మాయే కత్తిరించమంటే కత్తిరించాడు. తలంటాక అల్లితే జడ మునుపటికంటే సన్నగా వచ్చింది. బాబాయికి అది చూసినప్పుడల్లా గుండెలో ముల్లు కదిలేది. పేపర్ల మీద ఉన్ని పోగులు ఎత్తి పారేసి, ఇక ఈ సాయంత్రాలు ఉండవు కదా అనుకున్నాడు. ఆ దిగులు ఎవరితో చెప్పుకుంటాడు? తప్పు చేసినవాడు ఆ తప్పు దిద్దుకోవడం అయిపోయిందని బాధపడితే జనం నవ్వరూ?

కొన్నాళ్ళకి అమ్మాయి పరుగున ఇంటికొచ్చింది. నాటకం ఇంకో ఊళ్ళో కూడా వేయమని పిలిచారట. తల్లి సంతోషించింది. బాబాయీ సంతోషించాడు గానీ, వెంటనే చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"మంచి విగ్గు ఎక్కడైనా అద్దెకి దొరుకుతుందేమో కనుక్కుంటానమ్మా. లేకపోతే పెద్ద పార్లర్లలో రెడీగా తగిలించేవి ఉంటాయట. నేను మాత్రం వద్దు."

అమ్మాయి వినిపించుకోలేదు. జడ విప్పుకుంటూ వచ్చి, ఆయనకి వీపు పెట్టి కూర్చుంది.

"మళ్ళీ ముద్దకట్టిస్తే?" అన్నాడు బాబాయి. 

"మళ్ళీ విప్పుదురుగాని" అంది అమ్మాయి, తల కాస్త వెనక్కి వాల్చి. "నాకేం తొందర లేదు."